షుగర్ కొత్తగా బయటపడింది, మందులు మొదలయ్యాకే ఒంట్లో ఎక్కువ తేడాగా ఉంది, ఇలా ఎవరికైనా అయిందా?

జిరాక్స్‌షాపు_తెనాలి:
అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు. రాత్రిళ్ళు పదేపదే బాత్రూముకి లేవడం, ఎన్ని నీళ్ళు తాగినా నోరు ఎండిపోవడం, ప్యాంట్లు వదులైపోవడం చూసి మా ఆవిడ పోరగా పోరగా టెస్టులు చేయించుకున్నా. పరగడుపున 262, తిన్నాక 381, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 11.2 వచ్చింది. టైప్ 2 అన్నారు. మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్ రెండు పూటలా, పొద్దున టిఫిన్ ముందు గ్లిమెపిరైడ్ 1 ఎంజీ రాసి నెల తర్వాత రమ్మన్నారు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు, ఏదీ అడగడానికి వీలు కాలేదు.

ఇప్పుడు నా బాధేంటంటే, మందులకు ముందు లేనివన్నీ ఇప్పుడే మొదలయ్యాయి. దూరంగా బస్సు బోర్డు బాగానే కనిపిస్తోంది కానీ దగ్గరివి మసక, ఆధార్ కార్డు మీద అంకెలు చదవలేక కస్టమర్లనే చదివి చెప్పమంటున్నా. మధ్యాహ్నం అయ్యేసరికి చేతులు వణుకు, చెమటలు, గుండె దడ, షుగర్ పడిపోయిందేమో అని మిషన్‌తో చూస్తే 118, అంటే నార్మలే కదా, మరి ఈ వణుకెందుకు? రాత్రి పడుకుంటే అరికాళ్ళు మంటలు, చీమలు పాకినట్టు. మోషన్స్ సరేసరి, పైగా అందులో మాత్ర మాత్రలాగే కనిపించింది, అంటే అసలు మందు ఒంటికి పట్టలేదా? మా నాన్నకి షుగర్‌తోనే కాలివేలు తీసేశారు, అందుకే టెన్షన్ ఎక్కువగా ఉంది. మా బావమరిది మందులు ఆపేసి చూడమంటున్నాడు.

పాతషుగర్:
ముందు మందులు ఆపకండి అన్నా, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఆ వణుకు సంగతి నాకు బాగా తెలుసు, నాకూ మొదట్లో అచ్చం ఇదే. మీ ఒళ్ళు నెలల తరబడి, బహుశా ఏళ్ళ తరబడి 300 దగ్గర ఉండటానికి అలవాటు పడిపోయింది, ఇప్పుడు ఒక్కసారిగా 118కి దిగితే అది నార్మల్ అని దానికి తెలీదు, కరువొచ్చిందనుకుని గోల చేస్తుంది. కొన్ని వారాలకు సర్దుకుంటుంది. ఆ టైములో భయపడి స్వీటు తింటే మళ్ళీ 250కి పోతుంది, ఈ వ్యవహారం ఎప్పటికీ తెగదు. కాసేపు కూర్చోండి, గుప్పెడు శనగలో ఏవో తినండి, మళ్ళీ చూసుకోండి.

అలాగని ప్రతి వణుకూ ఉత్తుత్తిదే అనుకోవద్దు. గ్లిమెపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్ బయటికి నెట్టడమే దాని పని. మీరు మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి చేస్తారు? 70 కంటే తక్కువ వస్తే అది నిజం లో షుగర్. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగేయాలి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, పెరగకపోతే మళ్ళీ తాగాలి. చాక్లెట్టు, పాలకోవా పనికిరావు, వాటిలో కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మిషన్ దగ్గర లేకపోతే మాత్రం చూసేదాకా ఆగకండి, పంచదార వేసేసుకోండి. ఇంకోటి, వేలు గుచ్చే ముందు చేతులు కడుక్కోండి, పండు పట్టుకున్న చేత్తో చూస్తే లేని షుగర్ కూడా చూపిస్తుంది.

చత్వారం:
నేను కంటి ఆస్పత్రిలో అద్దాల పరీక్ష చేస్తుంటాను. మీలాంటి వాళ్ళు వారం వారం వస్తారు, వచ్చేసరికే సగం మంది కొత్త కళ్ళద్దాలకు డబ్బులు తగలేసి ఉంటారు. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు కంట్లోని లెన్సు నీరు పట్టి దాని ఆకారం మారుతుంది, మందులతో షుగర్ దిగుతుంటే మళ్ళీ మారుతుంది, అందుకే చూపు ఇవాళ ఒకలా వచ్చే వారం ఒకలా ఉంటుంది. దగ్గరివి మసకబారడం అందులో మామూలే. షుగర్ నిలకడపడ్డాక నెల, నెలన్నర ఆగి అప్పుడు పవర్ చూపించుకోండి. షాపులో పని ఆగకుండా చవకలో దొరికే రీడింగ్ గ్లాసులు పెట్టుకుంటే సరిపోతుంది.

కానీ రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్షకు మాత్రం ఆగొద్దు, అది వేరే సంగతి. టైప్ 2 బయటపడేనాటికే ఏళ్ళుగా ఉండి ఉండొచ్చు కాబట్టి మొదట్లోనే ఒకసారి, ఆ తర్వాత ఏటా చుక్కలు వేయించుకుని చూపించుకోవాలి. ఆ రోజు బండి మీరు నడపకండి. ఉన్నట్టుండి నల్ల మచ్చలు తేలుతున్నట్టు, తెర పడినట్టు అనిపించినా, ఒక కంటి చూపు పోయినా ఆ రోజే పరిగెత్తాలి.

ప్రకృతిబాట:
ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయి. పొద్దున్నే కాకరకాయ రసం, రాత్రి రాగిజావ. నెలలో మందులు మానేయొచ్చు, నా మాట వినండి.

పాతషుగర్:
బాబూ, కిడ్నీలను పాడుచేసేది అదుపులో లేని షుగరూ బీపీ. కిడ్నీ అప్పటికే బలహీనంగా ఉంటే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి క్రియాటినిన్ అనే కిడ్నీ రక్తపరీక్ష చూసి డోసు తగ్గిస్తారు, అది చూసి జనం మందే కిడ్నీని చెడగొట్టిందంటారు. రాగిజావ తాగిన గంటకి మిషన్ పెట్టి చూడు ఓసారి. కాకరకాయ కూర తినమను, ఎవరొద్దన్నారు? గ్లిమెపిరైడ్ మీద రసం కూడా తాగితే షుగర్ ఇంకా పడిపోవచ్చు, అప్పుడు వచ్చి చూసేది నువ్వా?

గోదావరి_నర్సు:
తమ్ముడూ, మాత్ర కనిపించడం చూసి బెంగపడకు. ఎస్ఆర్ మాత్రలో మందు మెల్లగా లోపలికి దిగిపోతుంది, పై డొల్ల కొన్ని కంపెనీల మాత్రల్లో అలాగే బయటికి వచ్చేస్తుంది. దాన్ని విరిచి, నమిలి వేసుకోకూడదు. మోషన్స్‌కి మాత్రని భోజనం మధ్యలో వేసుకుని చూడు, చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టరుకి చెప్పు.

కాళ్ళ మంటలు నరాల వల్ల. మరీ త్వరగా షుగర్ దిగినా కొందరికి మంట పెరుగుతుంది, అందుకే పెరుగుతూ పోతే నెల దాకా ఆగకుండా వెళ్ళి చెప్పుకో. బీ12 విటమిన్ తగ్గిందేమో కూడా చూడమను, శాకాహారులైతే మరీనూ. మంటలని వేడి నీళ్ళలో కాళ్ళు పెట్టకు, స్పర్శ తగ్గిన కాలికి కాలినట్టే తెలీదు, మిట్టమధ్యాహ్నం గుడిలో ఒట్టికాళ్ళతో ప్రదక్షిణలు చేసి బొబ్బలతో వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో. రోజూ పడుకునే ముందు అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకో. నాన్నగారి వేలు కూడా పట్టించుకోని చిన్న పుండుతోనే మొదలై ఉంటుంది.

ఆగకూడనివి ఇవి: షుగర్ 300 దాటి ఉండి వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం, మగత వస్తే నేరుగా ఆస్పత్రికే. షుగర్ ఎంతున్నా సరే ఛాతీలో బరువు, చల్లటి చెమటలు, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి, షుగర్ వాళ్ళకి గుండెపోటు నొప్పి లేకుండా కూడా వస్తుంది. మనిషి స్పృహ తప్పితే నోట్లో పంచదార పోయొద్దని మీ ఆవిడకి చెప్పు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చేయమను. మందులు వేసుకుంటున్నా బరువు తగ్గుతూనే ఉంటే అది టైప్ 2నేనా అని ఒకసారి డాక్టరుని అడుగు.

జిరాక్స్‌షాపు_తెనాలి:
అందరికీ చాలా థాంక్స్. భోజనం సంగతి అడిగారు కదా, కాలేజీ పిల్లల రద్దీ తగ్గాకే, మూడు దాటుతుంది. నిన్న వణుకు వచ్చినప్పుడు చూస్తే 66 ఉంది, పంచదార నీళ్ళు తాగాక 97. ఇంకో సందేహం, మా అమ్మ కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండమంటోంది, ఉండొచ్చా?

గోదావరి_నర్సు:
66 అంటే నిజంగానే పడిపోయింది. రేపే ఫోన్ చేసి డాక్టరుకి ఆ అంకె, భోజనం వేళ రెండూ చెప్పు, గ్లిమెపిరైడ్ తగ్గించడమో మార్చడమో వాళ్ళు చూస్తారు. పదకొండింటికి ఏదో ఒకటి తిను, భోజనం ఒంటిగంటకి లాగు, జనం ఉంటే ఉండనీ.
ఆ మాత్ర వేసుకుని నక్షత్రాలు కనిపించేదాకా పస్తుండటం కుదరదు. ఈ కార్తీకానికి అమ్మని దీపం పెట్టుకోమను, నువ్వు టైముకి తిను.