అత్తయ్య కోసం పగలగొట్టాల్సిన గోడ మీదే మావయ్య బొమ్మ ఉంది. ఏం చేయమంటారు?

కుంచె_నీలం:

నమస్కారం అండీ. గోడల మీద బొమ్మలు వేయడం నా వృత్తి. పదహారేళ్ళుగా బడుల్లో, గ్రంథాలయాల్లో, ఆసుపత్రుల్లో వేస్తున్నాను. ఎవరు పిలిచినా ముందు గోడను అరచేత్తో తడిమి చూస్తాను. చెమ్మ ఉంటే "ఇంకో నెల ఆగండి" అని చెప్పేస్తాను. అలా చెప్పడానికి ఏనాడూ మొహమాటపడలేదు. ఇప్పుడు మా ఇంట్లో గోడ విషయంలో నోరు రావడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. మా వంటగది గుమ్మం లోపలి వెడల్పు 24 అంగుళాలే. వాకర్ పట్టదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నాలుగు నెలలైంది. బాత్రూం గుమ్మంతో కూడా అదే ఇబ్బంది. రెండూ సరిచేద్దామని పని మొదలుపెట్టాం. తీరా మొదలయ్యాక నీళ్ళ పైపులు కుళ్ళిపోయాయని తేలింది, తర్వాత కరెంటు తీగలు మార్చాలన్నారు. ఆరు వారాలన్నది ఇప్పుడు పద్నాలుగో వారంలో ఉన్నాం. నేను, మా ఆయన, పదకొండేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు, అత్తయ్య, అయిదుగురం ఒకే గదిలో ఉంటున్నాం.

హాలుకూ వంటగదికీ మధ్య గోడ మొత్తం తీసేసి, రెండూ కలిపేద్దామని ప్లాన్ గీయించాం. ఆ గోడకు హాలు వైపు నేను వేసిన చెట్టు ఉంది. పాప పుట్టిన ఏడాది మొదలుపెట్టాను. ఏటా ఒక కొమ్మ వేస్తూ వచ్చాను. మాను మీద పిల్లలిద్దరి ఎత్తులూ పుట్టినరోజుకొక గీత చొప్పున ఉన్నాయి. చెట్టు కింద మావయ్య మనకు వీపు పెట్టి కూర్చుని పుస్తకం చదువుకుంటుంటారు. ఆయన పోయి మూడేళ్ళు. అత్తయ్య కుర్చీ ఎప్పుడూ ఆ గోడకు ఎదురుగానే ఉంటుంది.

పోయిన వారం మేస్త్రి సుద్దతో గోడ మీద అడ్డంగా గీత గీశాడు. అత్తయ్య చూసి, "నా నడక కోసం ఆయన్ని పడగొట్టొద్దమ్మా. నేను వంటింట్లోకి వెళ్ళకపోతే ఏం పోయింది?" అన్నారు. ఆ మాట విన్నాక నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మా ఆయన అయితే, "ఫోటోలు తీసుకుందాం, కొత్త గోడ మీద మళ్ళీ వేద్దువుగాని, నీకు చేతకానిదా" అంటున్నారు. ఆయన తప్పేం లేదు. రోజూ పనివాళ్ళతో మాట్లాడేదీ, లెక్కలు చూసేదీ ఆయనే. అలిసిపోయారు. పాప మాత్రం గోడ పగిలితే ఆ గదిలోకి రానంటోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ గొడవలోనే ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో బొమ్మలు వేసే పని ఒప్పుకున్నాను. నమూనా కాగితాలు పరుచుకోవడానికి మంచం తప్ప చోటు లేదు. పిల్లలు నిద్రపోయాక వాళ్ళ కాళ్ళ దగ్గర పరుచుకుని గీస్తున్నాను. రెండు రోజులు కూర్చుని కలిపిన నీలం బకెట్‌లో ఎవరో సిమెంటు తాపీ కడిగేశారు. ఆ నీలం మళ్ళీ కుదరలేదు. బాబుకు దుమ్ము పడదు, రాత్రిళ్ళు పిల్లికూతలు వస్తున్నాయి.

నేను అడిగేది ఇది. యాక్రిలిక్ రంగులు, సిమెంటు ప్లాస్టరు, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. మావయ్య బొమ్మ ఉన్న మేరకు గోడను కోసి తీయడం కుదురుతుందా? కుదిరినా అది చేయదగ్గ పనేనా? ఇలాంటి పని మీ ఇంట్లో జరిగి ఉంటే చెప్పండి.

పాతగోడలు:

పాత కట్టడాల్లో గోడ చిత్రాల మరమ్మతు నా పని. మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతాను.

గోడ మీది బొమ్మను తీయడానికి మూడు పద్ధతులున్నాయి. రంగు పొరను మాత్రమే లాగడం, ప్లాస్టరుతో సహా తీయడం, ఇటుకతో సహా కోయడం. మొదటిది ఎక్కువగా తడి సున్నం మీద వేసిన ఫ్రెస్కోల కోసం పుట్టింది. అక్కడ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని రాయిగా మారుతూ రంగును తనలో బిగించుకుంటుంది. బొమ్మ మీద గుడ్డను జిగురుతో అంటిస్తే, జిగురు ఆరి ముడుచుకునేటప్పుడు ఆ పలుచని పొరను పట్టుకుని లేస్తుంది. యాక్రిలిక్ అలా కాదు, ప్లాస్టిక్ పొరలా పైన పరుచుకుని ఉంటుంది. ఒకచోట లేస్తుంది, ఇంకోచోట చిరుగుతుంది. మీరు రంగుకు ముందు పూసే ప్రైమర్ బాగా వేసి ఉంటే అసలు కదలదు. దాని జోలికి వెళ్ళకండి.

ఇటుకతో సహా అంటారా, బరువు లెక్క చూసుకోండి. నాలుగున్నర అంగుళాల గోడ ప్లాస్టరుతో కలిపి చదరపు మీటరుకు రెండొందల కిలోల పైమాటే. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ముక్కకే వంద కిలోలు దాటుతుంది. మధ్యలో పగలకుండా ఇనుప చట్రం కట్టాలి. దించాక ఎక్కడ పెడతారో కూడా ముందే అనుకోవాలి.

ఎంత జాగ్రత్తగా తీసినా కొంత పోతుంది. స్పెయిన్ చిత్రకారుడు గోయా తన ఇంటి గోడల మీద వేసుకున్న 14 బొమ్మలను 1874లో కాన్వాసు మీదికి మార్చడం మొదలుపెట్టారు. ఇప్పుడవి మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. ఆ మార్పిడిలో రంగు రాలింది, రాలినచోట వేరే చేతులు దిద్దాయి. అయినా అవి మిగిలాయంటే అలా తీయబట్టే.

మీ పోస్టు చదువుతుంటే ఇంకో గోడ గుర్తొచ్చింది. మిలాన్‌లో లియొనార్డో వేసిన 'ది లాస్ట్ సప్పర్' ఉన్న గోడకు 1652లో గుమ్మం కొట్టారు. వంటగదికి దారి కోసమే. క్రీస్తు పాదాలు అందులో పోయాయి. ఆ గుమ్మాన్ని తర్వాత మూసేశారు కానీ పాదాలు తిరిగి రాలేదు. అందుకని నా మాట ఒక్కటే. ఏ భాగం పోతే మీ ఇంట్లో ఎవరికి ఏం పోతుందో ముందు తెలుసుకోండి. మొత్తం కాపాడబోతే ఏదీ దక్కకపోవచ్చు.

సైట్_ఇంజనీర్:

అమ్మా, అసలు గోడ మొత్తం ఎందుకు తీస్తున్నారు? వాకర్‌కు కావాల్సింది గుమ్మం. లోపలి వెడల్పు 32 అంగుళాలు ఉంటే చక్రాల కుర్చీ కూడా పోతుంది. మీకు ఇప్పుడు 24 ఉంది. అంటే ఇంకో 8 అంగుళాలు చాలు. హాలూ వంటగదీ కలపాలన్నది అందం కోసం అనుకున్నదైతే, ఆ ఆలోచన ఇంకోసారి చేయండి.

గుమ్మం ఏ వైపు పెంచవచ్చో చెప్పండి. ఆ గోడ పైన స్లాబు బరువు మోస్తోందా, పక్కనున్న పిల్లర్లూ బీములూ మోస్తున్నాయా అన్నది ఇంజనీరుకు చూపించకుండా సుత్తి వేయనివ్వకండి. గుమ్మం పైన బరువు మోసే దూలం, అదే లింటెల్, కొత్తది వేయాలి. అది రెండు వైపులా కనీసం ఆరేసి అంగుళాలు గోడలో కూర్చోవాలి, కాబట్టి గుమ్మం పైన కూడా కొంత బొమ్మ పోతుంది. అంచును ముందు కటింగ్ మెషిన్‌తో గీత పడేలా కోయించండి. నేరుగా సుత్తితో కొడితే ఆ అదురుకు అవతల ప్లాస్టరు బోలు పడుతుంది. పైకి కనపడదు, మూడు నెలల తర్వాత ఊడుతుంది.

బాబు సంగతి నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఇటుక, సిమెంటు కోసినప్పుడు వచ్చే సన్న దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. పని జరిగే చోట నేల నుంచి సీలింగు దాకా ప్లాస్టిక్ షీటు కట్టి అంచులకు టేపు వేయండి. కిటికీలో ఫ్యాను బయటికి గాలి కొట్టేలా పెట్టండి. పొడిగా ఊడవనివ్వకండి, నీళ్ళు చిలకరించి తీయించండి. ఇల్లు బాగా పాతదైతే అడుగు పొరల్లో సీసం ఉన్న రంగు ఉండవచ్చు. పరీక్ష చేయించేదాకా గోడలు గీకడం ఆపండి. కోత రోజున బాబును ఇంట్లో ఉంచకండి. పిల్లికూతలు డాక్టరుకు చూపించారా?

రంగుల_ఇంటి_అబ్బాయి:

మా అమ్మ కూడా మీలాగే గోడల మీద బొమ్మలు వేసేది. నాకు పన్నెండేళ్ళప్పుడు మా ఇంటికి మరమ్మతులు జరిగాయి. నా మంచం పక్క గోడ మీద పడవ ఉండేది. అమ్మ ఆ గోడ పగలకముందే పారదర్శక షీటు మీద గీతలన్నీ ఎత్తి రాసుకుంది. కొత్త గోడ మీద అదే పడవ, అదే కొలతతో వేసింది. నేను నెల రోజులు దాని వైపు చూడలేదు. పాత పడవ తెడ్డు మీద నేను ఆరేళ్ళప్పుడు వేలితో పూసిన ఎర్ర మరక ఉండేది. కొత్తదాని మీద తెడ్డు శుభ్రంగా ఉంది. అమ్మకు ఆ మరక గుర్తులేదు, తప్పు సరిదిద్దాననుకుంది. నేనూ చెప్పలేదు.

మీ పాప ఆ గదిలోకి రానంటే, ఆమెకు పోయేది చెట్టు కాకపోవచ్చు. ఏ గీత, ఏ ఆకు అని గోడ ముందు కూర్చోబెట్టి అడగండి. అత్తయ్యగారిని కూడా అలాగే అడగండి. ఆవిడకు మావయ్యగారి బొమ్మే ముఖ్యమని మీరు అనుకుంటున్నారు, అంతేగా?

ఇంకోటి. ఆ రోజుల్లో మా అందరికీ ఒకరి మీద ఒకరికి చిరాకుగా ఉండేది. అమ్మకు పని చేసుకోవడానికి రెండు గంటలు మూసుకునే తలుపు ఒక్కటీ లేదు. అది ఎంత కష్టమో నాకు పెళ్ళయ్యాక తెలిసింది. మీరు ఆ వార్డు పని మంచం మీద చేయకండి. ఒప్పుకున్నవాళ్ళనే అడిగి అక్కడే ఒక ఖాళీ గది తీసుకోండి, ఇస్తారు.

కుంచె_నీలం:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న ఆదివారం, పనివాళ్ళు లేరు. అత్తయ్య కుర్చీ గోడ దగ్గరికి జరిపి, అందరం కింద కూర్చున్నాం. పడవ సంగతి చదివి వినిపించి, ఎవరికి ఏది కావాలో చెప్పమన్నాను.

పాపకు మాను మీద తన అయిదో ఏటి గీత కావాలట. ఆ ఏడు మావయ్య తన తల మీద పుస్తకం పెట్టి కొలిచారట. బాబుకు పిట్టగూడు కావాలి. మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాన్న వీపు" అన్నారు. ఫోటోలు చాలన్న మనిషి ఆ ఒక్క మాట అని లేచి బయటికి వెళ్ళారు.

అత్తయ్య వీపు వైపు చూడనేలేదు. వంగి, మావయ్య పక్కన గడ్డిలో ఉన్న చెప్పుల మీద చెయ్యి పెట్టారు. "ఇవి ఆయన వేసుకున్నవే కదమ్మా" అన్నారు. నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. బొమ్మ వేస్తున్న రోజు మావయ్య వెనక నిలబడి, "చెప్పులు ఇంటి బయట విడవకుండా కూర్చోనమ్మా నేను" అని సన్న కుంచె తీసుకుని రెండు చెప్పులూ తనే వేశారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వచ్చాయి. నేను ముట్టుకోలేదు. ఆ గోడ మొత్తంలో నా చెయ్యి పడనిది ఆ అరచేతి వెడల్పే.

ఇంజనీరుగారూ, గుమ్మానికి ఎడమ పక్క పిల్లర్ ఉంది, అటు కదలదు. కుడి వైపే పెంచాలి. కొలిచాం. 8 అంగుళాలు తీస్తే మావయ్య మిగులుతారు, మాను మిగులుతుంది, ఎత్తు గీతలన్నీ మిగులుతాయి. గూడు పైన ఉంది, లింటెల్‌కు అందదు. చెప్పులు మాత్రం సరిగ్గా ఆ 8 అంగుళాల్లో ఉన్నాయి. మా ఆయన, నేను రాత్రి మాట్లాడుకుని గోడ మొత్తం తీసే ఆలోచన మానేశాం. బాబును డాక్టరుకు చూపించాం, మందు ఇచ్చారు. కోత రోజుకు వాణ్ణి స్నేహితుల ఇంట్లో ఉంచుతున్నాం.

పాతగోడలు గారూ, పది అంగుళాల చదరం ముక్క అయితే తీయవచ్చా?

పాతగోడలు:

అంతే అయితే తప్పకుండా ప్రయత్నించవచ్చు. మీకు ఒక అనుకూలం ఉంది, వెనక వంటగది వైపు ఎలాగూ పగులుతుంది. ముందు నుంచి కాదు, వెనక నుంచి రండి.

ముందు బొమ్మ మీద సన్నని టిష్యూ కాగితం, దాని మీద పలుచని నూలుగుడ్డ, నీటితో కరిగే మిథైల్ సెల్యులోజ్ జిగురుతో అంటించండి. అంతకుముందు ఎలాగూ పోయే మూలలో ఒక రోజు పరీక్షించండి. అసిటోన్ లాంటివి దగ్గరికి రానివ్వకండి, యాక్రిలిక్ కరుగుతుంది. జిగురు ఆరాక చెప్పుల చుట్టూ రెండేసి అంగుళాలు వదిలి, ప్లాస్టరు లోతు వరకే కోయించండి. ముందు వైపు స్పాంజి పెట్టిన చెక్క ఆనించి, అది కదలకుండా గట్టిగా పోటు (కర్ర ఊతం) పెట్టండి. అప్పుడు వెనక నుంచి ఇటుకలు ఒక్కొక్కటిగా, ఉలితో, తొందర లేకుండా తీయాలి. చివరి ఇటుక ప్లాస్టరును వదలకపోతే లాగకండి, వెనక నుంచి అరగదీయండి. ప్లాస్టరు ముక్క మూడు నాలుగు కిలోలకు మించదు. పగిలినా గుడ్డ పట్టుకుని ఉంటుంది, ముక్కలు కలిసే ఉంటాయి. కంగారు పడకండి.

కుంచె_నీలం:

తొమ్మిది రోజుల క్రితం తీశాం. రాయడానికి ఇవాళ కుదిరింది.

మేస్త్రికి ముందు రోజే సంగతంతా చెప్పాను. తాపీ కడిగింది తన మనిషేనని అప్పుడు చెప్పి బాధపడ్డాడు. ఇటుకలు ఆయనే తీశాడు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండైంది. ముందు వైపు చెక్కను మా ఆయన, నేను వంతులేసుకుని పట్టుకున్నాం. పోటు పెట్టి ఉన్నా వదలబుద్ధి కాలేదు. చివర్లో కింది మూల చిట్లింది. చెప్పుల దాకా రాలేదు. గుడ్డ తడిపి నెమ్మదిగా తీస్తే గడ్డి పచ్చ కొద్దిగా కాగితానికి అంటుకుని వచ్చింది. రెండు చెప్పులూ ఉన్నాయి, పెద్దదీ చిన్నదీ. ముక్కను పరుపు మీద పెట్టి అత్తయ్యకు చూపించాం. ఆవిడ చేత్తో తుడవబోయి ఆగి, కొంగుతో తుడిచారు.

వార్డువాళ్ళు ఒక గది ఇచ్చారు. కాగితాలన్నీ ఇప్పుడు అక్కడే.

గుమ్మం 32 అంగుళాలు వచ్చింది. అంచుకు కొత్త ప్లాస్టరు చేశారు, రోజూ నీళ్ళు కొట్టాం. మేస్త్రి పుట్టీ పెట్టేస్తానన్నాడు, వద్దన్నాను. కొత్త సిమెంటుకు క్షారం ఎక్కువ, 28 రోజులైనా ఆరనివ్వకుండా రంగు పట్టించను. ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఆ అంచు మీద గడ్డి వేస్తాను. చెప్పుల ముక్కను చట్రంలో బిగించి ఎక్కడ తగిలించాలన్నది అత్తయ్య నిన్న సాయంత్రం తేల్చేశారు. వాకర్ మీద నిలబడి, కొత్త గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్ళి, లోపలి గోడకు కింద, నేలకు జానెడు ఎత్తులో చూపించారు.

"ఇక్కడ. లోపలికి వస్తే ఇక్కడే విడుస్తారు" అన్నారు.