సమస్యాపూరణం: వాక్కు లేనివాఁడె వదరుబోతు

నిర్వాహకుడు (తిరుపతి): ఈ వారానికి ఆటవెలది నాలుగో పాదం: «వాక్కు లేనివాఁడె వదరుబోతు». మాటే లేనోడు వదరుబోతు ఎట్లయినాడో మిగతా మూడు పాదాలూ రాసి మీరే తేల్చాల. వాడుక మాటలకు అడ్డు లేదు, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) మాత్రం తప్పకూడదు.

చిత్తూరు సభ్యుడు:
బండి కదలె నింక పాకాల దాఁటలే
పక్కవాని కథలు పదులు నూర్లు
చెవులు నొచ్చెఁ గాని సిసలైన దొకటైన
వాక్కు లేనివాఁడె వదరుబోతు

పీలేరు సభ్యురాలు: అరసున్న పెట్టి మరీ 'దాఁటలే' అని యాస రాసినారే! గ్రాంథికానికీ మనూరికీ పెళ్లి చేసినట్టుంది.

నిర్వాహకుడు: ఉండనీమ్మా, చెవికి బాగుంది. చె–సి యతి సరే. 'సిసలైన దొకటైన' అని పైపాదంలో తగిలించి సమస్యను విప్పడం మాత్రం అడ్డదారే. సంస్కృత నిఘంటువు అమరకోశం 'స్యాజ్జల్పాకస్తు వాచాలో వాచాటో బహుగర్హ్యవాక్' అన్నది ఇట్లాంటోణ్ణే. ఎక్కువ మాట్లాడితే చాలదు, ఆ మాట్లాడేది నిందించదగ్గదిగా ఉండాల.

పుత్తూరు సభ్యురాలు:
నోరు లేకపోయె, నూరు వేళ్లున్నట్లు
సెల్లు మీఁద టైపు సేయు రేయి
పగలు ననక మాదు వాట్సాపు గుంపులో
వాక్కు లేనివాఁడె వదరుబోతు

చిత్తూరు సభ్యుడు: పద్యం పరుగెత్తింది. కానీ మాట రాని పిల్లోణ్ణి వదరుబోతు అనడానికి మనసొప్పలేదు. వ్యాకరణంలో పాణిని 'ఆలజాటచౌ బహుభాషిణి' అని, ఎక్కువ మాట్లాడేవాడనే అర్థంలో వాచాల, వాచాట రెండూ సాధించినాడు. అవి నిందకే అని ఆ సూత్రానికి చేర్చిన వివరణ, అంటే వార్తికం, కట్టడి చేసింది. చక్కగా మాట్లాడేవాడికి వాగ్మి ఉండనే ఉంది.

పుత్తూరు సభ్యురాలు: అన్నా, గీతాధ్యానంలో 'మూకం కరోతి వాచాలం', మూగవాణ్ణి మాటకారిని చేస్తాడని చదువుతామే, అది తిట్టా? ఆ వెంటనే 'పంగుం లంఘయతే గిరిం', కుంటివాణ్ణి కొండ దాటిస్తాడని. అలిపిరి మెట్ల కాడ నిలబడి చదవండి, నింద ఎక్కడన్నా తగుల్తుందేమో! పద్యంలోని ఆ పిల్లోడు మా మేనల్లుడే. పద్యం చూసి పన్నెండు నవ్వు బొమ్మలు పంపినాడు.

నిర్వాహకుడు: ఈ వారం మెప్పు ఈ పూరణకే. సమస్యలోని చిక్కును తప్పించుకోకుండా నేరుగా పట్టుకున్నది ఇదొక్కటే.

చంద్రగిరి సభ్యుడు: నాది మొదటి పాదమే అయింది సామీ: 'క్యూలొ నిలిచి యతఁడు చెప్పు మాటలు వింటె'.

నిర్వాహకుడు: గణాలు కుదిరినాయి, క్యూకీ చెకీ యతి లేదు. 'క్యూలో'ను 'క్యూలొ' అని కుదించడం కూడా చెల్లదు. 'క్యూన నిలిచి యతఁడు గొప్పలే చెప్పెరా' అనండి.

చంద్రగిరి సభ్యుడు: 'క్యూన' తీసుకుంటా. గొప్పలొద్దు, 'కోఁతలే కోసెరా' అంటే ఇంకా కసిగా ఉంటుంది, యతీ నిలుస్తుంది. మిగతా రెండు పాదాలూ రాత్రికి పంపుతా.