ట్రినిడాడ్ డబుల్స్: బారా గట్టిపడుతోంది, సోరెల్ సంగతి కూడా చెప్పండి

టొరంటో_తేజ:
కరీబియన్ దీవి ట్రినిడాడ్ చిరుతిండి డబుల్స్ (రెండు బారాలు, అంటే నూనెలో వేయించిన మెత్తటి రొట్టెలు, మధ్యలో శనగల కూర) చేస్తున్నాను. బారా పిండికి 2 కప్పుల మైదా, అర చెంచా పసుపు, అర చెంచా జీలకర్ర పొడి, చెంచా ఈస్టు, ముప్పావు కప్పు నీళ్లు. బారా పూరీలా పొంగుతోంది, పది నిమిషాలకు చెక్కలా పెళుసుబారుతోంది. షాడో బెనీ ఆకుకి బదులు ఏం వాడాలి? క్రిస్మస్‌కి సోరెల్ పానీయం 2 లీటర్లు కాయాలంటే ఎండువి ఎన్ని గ్రాములు? రమ్ వెయ్యకపోతే ఎన్నాళ్లు నిలవుంటుంది?

ఉల్లికోడు:
సోరెల్ అంటే మన గోంగూరే కదండీ! దానికింత ఆర్భాటం ఎందుకు? పెరట్లోంచి కోసి మరగబెట్టండి.

పిండివంట:
తేజ గారూ, మీరు కలిపింది పూరీ పిండి. బారా పిండి బొబ్బట్ల పిండికన్నా జారుగా ఉండాలి, చేతికి అంటుకోవాలి. 2 కప్పులకు కప్పు నీళ్లు పడతాయి, ఒక్కోసారి ఇంకో రెండు చెంచాలు. గంటన్నర నాననిచ్చి, నిమ్మకాయంత ఉండలు చేసి మళ్లీ పావుగంట వదలండి. అప్పడాల కర్ర వద్దు, పొడి పిండి చల్లొద్దు. నూనె రాసిన అరచేతుల మధ్య తట్టి వెయ్యాలి. నూనె బాగా కాగి ఉండాలి, ఒక్కో వైపు 10 సెకన్లు చాలు. ఎర్రబడేదాకా ఉంచితే చెడినట్టే. తీసినవి తీసినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డలో చుట్టాలి. ఆ ఆవిరికే మెత్తబడేది. జల్లిపళ్లెంలో ఆరబెడితే చెక్కలే వస్తాయి మరి.

పాలమూరు_పోరి:
ఉల్లికోడు, ఏం చెప్తున్నవ్? మరగబెట్టేది ఆకు కాదు. పువ్వు రాలినంక కాయను చుట్టుకొని ఉండే ఎర్రటి కండగల రేకులు. పుంటికూర ఆకు మరగబెడితే పులుసైతది, సోరెల్ కాదు.

ఉల్లికోడు:
ఆకని నేనెక్కడన్నాను? చెట్టొకటే అన్నాను. మేం దాన్ని గోంగూర అంటాం, పుంటికూర అని మీరే అంటారు.

మెస్తా_మాస్టారు:
ఇద్దరూ సగమే చెబుతున్నారు. సోరెల్ మొక్క హైబిస్కస్ సబ్దరిఫా, మన ఎర్ర గోంగూర జాతే. కానీ గోంగూర పేరుతో అమ్మేదంతా అది కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నార కోసం వేసే గోగులో హైబిస్కస్ కన్నాబినస్ కూడా ఉంది, దాని ఆకూ పచ్చడికి పనికొస్తుంది. కానీ దాని కాయ మీది రేకులు పలచగా, నూగుతో గుచ్చుకుంటాయి. మరగబెడితే రంగూ రాదు, పులుపూ రాదు. కాబట్టి ‘పెరట్లోంచి కోసి’ అనే ముందు పెరట్లో ఉన్నదేంటో చూసుకోవాలి.

ఉల్లికోడు:
మాస్టారూ, వంట అడిగితే వృక్షశాస్త్రం చెబుతారేంటండీ. ఎర్ర గోంగూర కాయల పచ్చడి తిన్నవాడెవడూ ఈ తేడాకి మోసపోడు.

పాలమూరు_పోరి:
గ్రాములు మాత్రం ఇద్దరూ చెప్పరు. ఎండువైతే 2 లీటర్లకు 100 గ్రాములు, పచ్చివైతే గింజ కాయ తీసేసినంక అర కిలో. మెక్సికన్ కొట్లో హమైకా, అరబ్బు కొట్లో కర్కదే, అన్నీ ఇవే. చల్లటి నీళ్లల్ల ఒక్కసారి ముంచి తియ్యిరి, నానబెడితే రంగంతా పోతది. 6 లవంగాలు, రెండు దాల్చినచెక్కలు, బొటనవేలంత అల్లం. 5 నిమిషాలు మరిగినంక దించి మూతపెట్టి తెల్లారేదాకా వదిలెయ్యాలె. ఎక్కువ మరిగిస్తే జామ్ వాసనొచ్చి జిగటైతది. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు లోహం రుచి దిగుతది. చక్కెర వడపోసినంకనే.

శాన్‌ఫెర్నాండో_శాస్త్రి:
అల్లం అంత దట్టిస్తే అది జమైకా పద్ధతి. ట్రినిడాడ్‌లో లవంగం, దాల్చినచెక్కదే పెత్తనం. ఈ ద్వీపం వంట మీద ఇక్కడ నాతో వాదించేవాళ్లు లేరనే అనుకుంటున్నాను. అసలు డబుల్స్ ప్రాణం శనగల్లో ఉంటే మీరంతా పిండి దగ్గరే ఆగిపోయారు. గరం మసాలా, టమాటా పడ్డాయా, అది ఛోలే. అక్కడి కర్రీ పొడిలో ధనియాలు, పసుపు, జీలకర్ర, మెంతులు ఉంటాయి, కారం మాత్రం ఉండదు. 2 చెంచాల పొడిని పావు కప్పు నీళ్లలో కలిపి ముద్దగా నూనెలో వెయ్యాలి, పొడిగా వేస్తే మాడి చేదెక్కుతుంది. నీరు ఇగిరి నూనె తేలాక ఉడికిన కాబూలీ శనగలు వేసి, నాలుగో వంతు మెదపాలి. గరిటెతో తీస్తే జారాలి, బారా లోంచి కారిపోకూడదు. వేయించిన జీలకర్ర పొడి దించే ముందు.

పిండివంట:
శాస్త్రి గారూ, శనగలు నానబెట్టేటప్పుడు వంటసోడా మాట మరిచారు. అర చెంచా వేసి, పొద్దున్నే ఆ నీళ్లు పారబోసి కడగాలి. కడక్కపోతే పసుపు తగలగానే పారాణి రంగు.

శాన్‌ఫెర్నాండో_శాస్త్రి:
మరవలేదు, తెలియనివాళ్లు ఉంటారనుకోలేదు.

పిండివంట:
అడిగినావిడ తెలియకే కదా అడిగింది.

నిర్వాహకుడు:
గోంగూర గొడవ వేరే చర్చలో పెట్టుకోండి. శాస్త్రి గారూ, గొంతు తగ్గించండి.

ఆవకాయ_ఆస్టిన్:
షాడో బెనీ ఎవరూ చెప్పలేదు. రంపం పళ్లలాంటి అంచులున్న పొడుగాకు. వియత్నామీ కొట్లో దొరుకుతుంది, కొత్తిమీర కాదు గానీ అదే వాసన, బాగా ఘాటు. కొత్తిమీర వాడితే మూడింతలు వెయ్యాలి, అదీ పొయ్యి ఆపాకే. మిరప సాస్‌కి స్కాచ్ బోనెట్టే వాడండి, గుంటూరు మిర్చితో మంట వస్తుంది గానీ ఆ పండు వాసన రాదు. ఇక కుచేలా అంటే మన మామిడి తురుము పచ్చడికి దాయాది. తురిమి, గట్టిగా పిండి, ఎండలో ఆరబెట్టి, అమ్చార్ మసాలా (అక్కడి పచ్చళ్ల పొడి), ఆవనూనె. పిండకుండా చేస్తే నాలుగో రోజుకే బూజు.

ఉల్లికోడు:
ఆవనూనా! నువ్వులనూనె ఏం పాపం చేసింది?

ఆవకాయ_ఆస్టిన్:
మన దేశం నుంచి ట్రినిడాడ్‌కి కూలీలుగా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఎక్కిన భోజ్‌పురీ వాళ్లు. 1845 నుంచి 1917 దాకా. మద్రాసు ఓడల్లో మనవాళ్లూ కొందరు వెళ్లారు గానీ వంటింట్లో మాట నెగ్గింది వాళ్లదే. అందుకే గీరా (జీలకర్ర), చన్నా (శనగలు), బారా అనే మాటలు.

మెస్తా_మాస్టారు:
పానీయమంటే మాబీ గురించి ఒక్కరూ అడగరేం? మాబీ చెట్టు బెరడు చిన్న ముక్కలు నాలుగు, సోంపు, దాల్చినచెక్క. పావుగంట మరిగిస్తే వచ్చేది చిక్కటి కషాయం, నీళ్లూ చక్కెరా కలిపితేనే తాగగలం. ముందు తీపి, గుటక దిగాక చేదు.

పాలమూరు_పోరి:
వేపాకు కషాయంకు సోకులు ఎక్కువైనయ్.

టొరంటో_తేజ:
కప్పు నీళ్లతో కలిపాను. మెత్తగానే వచ్చాయి, కానీ ఈసారి నూనె పీలుస్తున్నాయి. సోరెల్ రమ్ లేకుండా ఎన్నాళ్లుంటుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

పిండివంట:
నూనె చాలినంత కాగలేదు. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి.

ఉల్లికోడు:
రమ్ లేకుండా ఎందుకండీ అసలు?