కథ పెరిగేకొద్దీ ఆట తగ్గిపోతోందా?

ప్రశ్న: నల్లమల_ప్లేయర్

పెద్ద స్టూడియోలు సినిమా స్థాయిలో తీస్తున్న కథాప్రధానమైన గేముల విషయంలో కొంతకాలంగా నన్ను ఒక సందేహం వెంటాడుతోంది. వీటిలో నటన బాగుంటుంది, సంభాషణలు బాగుంటాయి, తెర మీది ప్రతి దృశ్యమూ కళ్లు తిప్పుకోనివ్వదు. అయినా ఆట ముగిశాక, ఇన్ని గంటల్లో నేను చేసిందేమిటి అని ఆలోచిస్తే చెప్పుకోదగ్గ జవాబు దొరకదు.

2015లో పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4) మీద వచ్చిన 'ది ఆర్డర్: 1886' ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. విక్టోరియా రాణి కాలపు లండన్‌ను ఎంతో శ్రద్ధగా కట్టారు; తెరకు పైనా కిందా సినిమాలో మాదిరి నల్ల పట్టీలు సైతం ఉంచారు. ఆడేవారి చేతికి వచ్చిన పని మాత్రం గోడ చాటున నక్కి కాల్చడం, మధ్యమధ్యలో తెర మీద మెరిసిన బటన్‌ను సమయానికి నొక్కడం, ఆపైన మళ్లీ దృశ్యం చూడడం. చిన్నతనంలో అమ్మమ్మ కథ చెబుతుంటే ఊఁ కొట్టేవాళ్లం కదా, ఈ బటన్లు నొక్కడం నాకు అలాగే అనిపిస్తుంది. ఊఁ కొట్టకపోతే కథ ఆగుతుంది, కొడితే సాగుతుంది, అంతే తప్ప మన ఊఁ వల్ల ఎండని చేప ఎండదు.

2018 నాటి 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' విషయంలో నా బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే అందులో ఆటకు కొదవ లేదు. మిషన్ (కథ అప్పగించే పని) బయట ఉన్నంతసేపు గాలి ఎటు వీస్తోందో చూసుకుని జింకను వెంబడించవచ్చు, తోలు చెడకుండా ఉండాలంటే ఏ ఆయుధం వాడాలో ఆలోచించుకోవచ్చు, దారిన పోయేవాడితో తగువు పెట్టుకుని మాటలతోనే సర్దుకోవచ్చు. కథ మొదలైన మరుక్షణం ఆ స్వేచ్ఛ అంతా చేజారుతుంది. చూపిన దారిలోనే వెళ్లాలి, చెప్పిన చోటే దాక్కోవాలి. శత్రువులను వెనుక నుంచి చుట్టుముడదామని కొంచెం పక్కకు జరిగితే మిషన్ విఫలమైందని తెర మీద పడుతుంది.

నా ప్రశ్న ఇది. కథను బిగువుగా చెప్పాలంటే ఆటను ఈ మేరకు వదులుకోక తప్పదా, లేక ఇది స్టూడియోలు తమంతట తాము ఎంచుకున్న సులువైన మార్గమా? దయచేసి ఉదాహరణలతో చెప్పగలరు.

సమాధానం: వైజాగ్_కెరటం

నల్లమల గారూ, మీ అసంతృప్తిలో నాకూ భాగం ఉంది. అయితే ఇది నిన్నా మొన్నా పుట్టిన సమస్య కాదని గమనించాలి. 1983లో, నాణెం వేసి ఆడుకునే ఆర్కేడ్‌లలోకి 'డ్రాగన్స్ లెయర్' వచ్చింది. డిస్నీలో పనిచేసి బయటికి వచ్చిన డాన్ బ్లూత్ బృందం గీసిన యానిమేషన్‌ను లేజర్ డిస్క్ మీద ఎక్కించి, సరైన క్షణంలో సరైన వైపు స్టిక్ తిప్పితే తర్వాతి దృశ్యాన్ని, తప్పితే వీరుడి మరణాన్ని చూపించేవారు. మిగిలిన గేములన్నీ గళ్లూ చుక్కలతో నెట్టుకొస్తున్న రోజుల్లో అది జనాన్ని కట్టిపడేసిందంటే అర్థం చేసుకోవచ్చు గానీ, అందులో ఆడేవారు చేసేది దృశ్యాల వరసను బట్టీ పట్టడమే. ఈ పద్ధతికి క్విక్ టైమ్ ఈవెంట్ అన్న పేరు 1999లో డ్రీమ్‌కాస్ట్ అనే గేము యంత్రం మీద వచ్చిన 'షెన్‌మూ'తో, దాని దర్శకుడు యు సుజుకితో స్థిరపడింది. ఆ గేములో విడిగా పోరాట పద్ధతి ఉంది, ఊరంతా తిరిగి పదిమందినీ విచారించే పని ఉంది. తర్వాత వచ్చినవారిలో చాలామంది ఆ బటన్లను మాత్రం తీసుకుని మిగతాది వదిలేశారు.

ఒకే దర్శకుడి చేతిలో ఈ మార్పు ఎలా వచ్చిందో చూడాలంటే హిదియో కొజిమా గేములు చాలు. 1998 నాటి 'మెటల్ గేర్ సాలిడ్'లో సైకో మాంటిస్ అనే శత్రువు మన మెమరీ కార్డులో ఉన్న ఇతర గేముల గురించి మనకే చెప్పేవాడు. కంట్రోలర్‌ను ఊడదీసి రెండో పోర్టుకు తగిలిస్తే ఇక మన కదలికలను పసిగట్టలేకపోయేవాడు. శత్రువు మనసులను చదువుతాడన్న కథాంశం అక్కడ మన చేతి పనిగా మారింది. పదేళ్ల తర్వాత, 2008లో వచ్చిన నాలుగో భాగం ముగింపు దృశ్యాలు గంటకు పైగా సాగుతాయి, ఆ సమయంలో కంట్రోలర్‌ను పక్కన పెట్టి కూర్చోవలసిందే. నైపుణ్యం లేక అలా తీశారని ఎవరూ అనలేరు. కథను చూపించడం మీద మమకారం పెరిగింది, అంతే. కాబట్టి ఇది ఎంచుకున్న మార్గమేనని నా జవాబు.

సమాధానం: మానేరు_గట్టు

('ది లాస్ట్ ఆఫ్ అస్', 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్' పూర్తి చేయనివారు ఈ సమాధానాన్ని దాటవేయగలరు. రెండింటి ముగింపుల గురించీ రాస్తున్నాను.)

ఇద్దరితోనూ నేను సగమే ఏకీభవిస్తాను. దృశ్యాలు ఎక్కువైతే ఆట తక్కువైనట్టే అన్న లెక్క నాకు సరిగా తోచదు. దృశ్యం ముగిసి కంట్రోలర్ మళ్లీ మన చేతికి వచ్చినప్పుడు మనం చేసే పనికీ, అప్పటిదాకా చెప్పిన కథకూ సంబంధం ఉందా లేదా అన్నది చూడాలి.

2013లో పీఎస్3 మీద వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్'ను తీసుకోండి. సినిమాలా ఉందని మెచ్చుకున్నవారూ, అదే మాటతో తిట్టినవారూ ఉన్నారు. ఆ గేములో ఒక పాత గుడ్డ, ఒక సీసా ఆల్కహాల్ దొరికితే వాటితో గాయానికి కట్టు కట్టుకునే కిట్టు తయారవుతుంది. అవే రెండింటితో నిప్పు బాంబు కూడా తయారవుతుంది. ఏది చేసుకోవాలో తేల్చుకునేందుకు సంచి దించినప్పుడు గేము ఆగదు. మీరు గుడ్డ చుడుతున్నంతసేపూ గోడ అవతల క్లిక్కర్ (శిలీంధ్రం సోకి చూపు పోయి, శబ్దాన్ని బట్టి వేటాడే మనిషి) టకటకమంటూ తిరుగుతూనే ఉంటుంది. నన్ను నేను బాగుచేసుకోవడమా, ఎదుటివాడిని తగలబెట్టడమా అన్న ప్రశ్న ఆ కథ మొత్తానికీ మూలం, అదే ప్రశ్నను గేము మీ సంచిలో పెట్టి గదికో సారి అడుగుతుంది. కష్టమైన సర్వైవర్ స్థాయిలో ఆడితే గోడల వెనుక ఉన్నవారిని చెవితో పసిగట్టే సదుపాయం కూడా తీసేస్తారు. అక్కడ ఆ ఒక్క గుడ్డ విలువ ఏమిటో నిజంగా తెలుస్తుంది. ఇది ఊఁ కొట్టడం ఎలా అవుతుంది?

ఇంకొక చోటు చెబుతాను. ఆ గేములో మనం నడిపే జోయెల్ ఎత్తైన గోడ దగ్గర చేతులు కలిపి ఊతమిస్తే, అతని వెంట వచ్చే అమ్మాయి ఎల్లీ పైకెక్కి నిచ్చెన దించుతుంది. ట్రయాంగిల్ బటన్ నొక్కితే జరిగే ఈ పని ఎన్నోసార్లు వస్తుంది, దీన్ని విసుగు పుట్టించే కాలక్షేపమని విమర్శించినవారు చాలామంది. సాల్ట్ లేక్ సిటీకి చేరాక, మనసు విరిగిపోయిన ఎల్లీ పిలిచినా వెంటనే పలకదు. కాసేపటికి వచ్చి పైకెక్కి, నిచ్చెన దించబోతూ ఎదురుగా ఏదో చూసి దాన్ని అక్కడే పడేసి పరుగెత్తుతుంది. అలవాటైన పని మొదటిసారి పూర్తికాకపోవడం వల్ల మనకు కలిగే కంగారు ఏ సినిమాలోనూ కలగదు, ఎందుకంటే సినిమాలో ఆ నిచ్చెన కోసం అన్నిసార్లు బటన్ నొక్కింది మనం కాదు. ఆ తర్వాత కనిపించే జిరాఫీల దృశ్యం గురించే అందరూ రాస్తారు గానీ, దానికి ఆ బలం వచ్చింది విసుగనిపించిన ఆ నిచ్చెనల వల్లే అని నేను గట్టిగా నమ్ముతాను.

అదే ఏడు వచ్చిన 'బ్రదర్స్' తీసిన జోసెఫ్ ఫారెస్ అసలు సినిమా దర్శకుడు. ఇద్దరు అన్నదమ్ముల కథ అయిన ఆయన గేములో, కంట్రోలర్ ఎడమవైపు స్టిక్కూ ట్రిగ్గరూ అన్నను నడిపిస్తాయి, కుడివైపువి తమ్ముడిని. తమ్ముడికి నీళ్లంటే భయం, అన్న వీపు పట్టుకుంటే తప్ప ఈదలేడు. అన్న చనిపోయాక తమ్ముడు ఒక్కడే నీళ్లు దాటవలసి వస్తుంది. కుడి ట్రిగ్గర్ ఎంత నొక్కినా అతను ముందుకు కదలడు. అప్పటిదాకా అన్నది అనుకుని వదిలేసిన ఎడమ ట్రిగ్గర్‌ను నొక్కితే ఈదడం మొదలుపెడతాడు. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు, అసలా గేములో మనకు అర్థమయ్యే భాషే లేదు. ఆడినది సుమారు మూడు నాలుగు గంటలు, నొక్కినవి నాలుగే మీటలు. ఇంత తక్కువ ఆటతో ఇంత పని చేయించుకోగలిగినప్పుడు, కథ వల్ల ఆట చచ్చిపోతోందని ఎలా ఒప్పుకోవాలి?

సమాధానం: రిగ్గింగ్_హైదరాబాద్

హైదరాబాద్‌లో విదేశీ స్టూడియోలకు పాత్రల యానిమేషన్ పని చేసిపెట్టే చోట ఉద్యోగం చేస్తున్నాను. డబ్బు విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతాను.

2023లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికాలో వ్యాపార పోటీని పర్యవేక్షించే ఎఫ్‌టీసీ వేసిన కేసులో సోనీ సమర్పించిన పత్రాల్లో, నల్ల సిరాతో సరిగా కొట్టివేయని అంకెలు బయటపడ్డాయి. 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లు, 'హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్'కు సుమారు 21 కోట్ల డాలర్లు అయ్యాయని అందులో ఉంది. నటులకు కదలికలను నమోదు చేసే మార్కర్లు అంటించి చిత్రీకరించి, ముఖంలోని ప్రతి కండరాన్నీ సరిచూసి, లైటింగ్ పూర్తి చేసిన దృశ్యాన్ని ఆడేవారిలో సగం మంది చూడకుండా పోతారంటే ఏ నిర్మాతా ఒప్పుకోడు. అందువల్ల దారి ఒక్కటే అవుతుంది, ఆ దారిలో తప్పిపోయే వీలు లేకుండా చూస్తారు, కష్టమైన చోటును మెత్తబరుస్తారు. మా అనుభవంలో దృశ్యం ముందే ఖరారై, దాని ముందూ వెనుకా ఉన్న లెవెల్ (ఆడే భాగం) ఇంకా మారుతూ ఉంటుంది. రెండూ కుదరనప్పుడు ఖర్చు పెట్టిన దృశ్యం నిలుస్తుంది, ఆట సర్దుకుంటుంది. నల్లమల గారు చెప్పిన మిషన్ల ఇరుకుతనానికి కారణం చాలావరకు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

దీనికి ఎదురు వెళ్లినవారూ ఉన్నారు. 2018 నాటి 'డెట్రాయిట్: బికమ్ హ్యూమన్'లో ఒక్కో అధ్యాయం ముగిశాక, మనం వెళ్లిన దారినీ వెళ్లని దారులనూ పటం గీసి చూపిస్తారు. చూడకుండా పోయే దృశ్యాలకు సైతం ఖర్చు పెట్టిన గేము అది. బటన్ల పని మాత్రం అందులోనూ పలచనే.

మరొక చిన్న సంగతి. 'గాడ్ ఆఫ్ వార్' (2018)లో కథానాయకుడు క్రేటోస్ ఇరుకు రాతి సందుల్లోంచి ఒత్తుకుంటూ వెళ్లే చోట్లను చాలామంది సినిమా పిచ్చి అనుకుంటారు. కెమెరా ఎక్కడా తెగకూడదన్న నియమం పెట్టుకున్న ఆ గేములో, హార్డ్ డిస్క్ నుంచి తర్వాతి ప్రాంతం లోడ్ అయ్యేందుకు సమయం కావాలి; ఆ సందు అందుకు ఉపయోగపడుతుంది. అదే గేములో పడవ నడుపుతున్నప్పుడు చెప్పే కథలను గమనించండి. మధ్యలో ఒడ్డుకు దిగితే కథ ఆగిపోతుంది, తిరిగి పడవ ఎక్కితే ఆపిన చోటు నుంచి అందుకుంటారు. ఎప్పుడు వినాలో నిర్ణయించేది మనమే.

తిరుగు ప్రశ్న: నల్లమల_ప్లేయర్

అందరికీ ధన్యవాదాలు. మానేరు గారూ, గుడ్డ సంగతీ నిచ్చెన సంగతీ నేను ఒప్పుకుంటాను, ఆ కోణంలో ఆలోచించలేదు. కానీ అదే గేము చివరలో, ఎల్లీ ప్రాణం తీసే శస్త్రచికిత్స జరగబోతున్న ఆపరేషన్ గది ఉంది. ఎదురుగా చిన్న కత్తి పట్టుకుని నిలబడిన డాక్టర్‌ను చంపితే తప్ప గేము ముందుకు సాగదు. నేను ఆ గదిలో చాలాసేపు ఊరికే నిలబడ్డాను, వేరే దారి దొరుకుతుందేమోనని చూశాను. లేదు. అంతసేపూ నా నిర్ణయాలకు విలువ ఇచ్చిన గేము, అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం దగ్గర నా చేతులు కట్టేసింది. దీన్ని మీరు ఎలా సమర్థిస్తారు?

సమాధానం: మానేరు_గట్టు

సమర్థిస్తాను, అయితే కొంతవరకే. ఆ గదిలో నిర్ణయం జోయెల్‌ది, చేయి మనది. అదే ఘట్టాన్ని దృశ్యంగా చూపించి ఉంటే 'అతను చంపాడు' అనుకుని మీరు ముందుకు వెళ్లిపోయేవారు. మీరు అంతసేపు నిలబడ్డారంటే, ఆ హత్యలో మీ చేయి ఉండబోతోందని మీకు తెలిసింది కాబట్టే. వేరే దారి వెతకాలనిపించేలా చేసి, ఆ దారి ఈ మనిషికి లేదని తెలియజేయడం నా దృష్టిలో ఆటతోనే కథ చెప్పడం. ఏడేళ్ల తర్వాత, 2020లో వచ్చిన రెండో భాగం మొత్తం ఆ గదిలో జరిగిన పని మీదే నిలబడింది.

ఎందుకు కొంతవరకే అన్నానంటే, ఒక గేము ఈ ఉపాయాన్ని ఒక్కసారే వాడుకోగలదు. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' మిషన్లలో మీకు ఎదురైన అడ్డు ఇలాంటిది కాదు. అందులోని కథానాయకుడు ఆర్థర్ మోర్గన్ లాంటి ఆరితేరిన దొంగ శత్రువులను వెనుక నుంచి చుట్టుముట్టాలనుకోవడం అతని స్వభావానికి తగినదే. దాన్ని ఆపడం వల్ల కథకు ఒరిగిందేమీ లేదు. ఆ విషయంలో మీ ఫిర్యాదుకు నా దగ్గర జవాబు లేదు, రిగ్గింగ్ గారు చెప్పిన కారణాన్ని వివరణగా తీసుకోగలను గానీ సమర్థనగా తీసుకోలేను. పక్కదారిలో వెళ్లినవాడికి అక్కడొక కాపలావాడు ఎదురుపడేలా, తుపాకి పేలితే శిబిరమంతా మేల్కొనేలా చేసే సత్తా ఆ స్టూడియోకు ఉందని వాళ్ల బయటి ప్రపంచమే సాక్ష్యం చెబుతోంది. తర్వాతి గేములో మిషన్లు కూడా అలా ఉండాలని అడగడం న్యాయమే.