ఉక్కు ఫ్రేమ్ పిస్టల్‌కు నూనెనా, గ్రీజా? ఎండకాలంల ఏం పెట్టాలె?

మిర్యాలగూడ మిల్లు:

అందరికి నమస్తే. మాది మిర్యాలగూడ పక్కన రైస్ మిల్లు. వడ్ల సీజన్ల నగదు ఎక్కువ తిరుగుతదని నాయిన లైసెన్సు మీద .32 పిస్టల్ తీసుకున్నడు. ఇప్పుడు లైసెన్సు నా పేరు మీద ఉన్నది. ఫ్రేమూ (పిడి ఉన్న కింది భాగం), స్లయిడూ (పైన ముందుకు వెనక్కి జారే భాగం) రెండూ ఉక్కే, పైన నల్ల పాలిష్.

స్లయిడ్ వెనక్కి లాగితే గరగర అంటున్నది. విప్పి తుడిస్తే నల్ల జిడ్డు, అందుల మిల్లు దుమ్ము. ఒకాయన కుట్టు మిషన్ నూనె చాలంటడు, ఇంకొకాయన డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టమంటడు, మా మిల్లు ఫిట్టర్ గ్రీజు పెట్టమంటడు. ఎవరి మాట వినాలె? ఎలక్షన్ కోడ్ వస్తే స్టేషన్‌ల డిపాజిట్ చెయ్యాలె గద, అప్పుడు ఏం పూసి ఇయ్యాలె?

పాలమూరు ఆర్మరర్:

తమ్మీ, నేను ఫౌజుల ఆర్మరర్ పని, అంటే ఆయుధాలు బాగుచేసే పని, చేసి రిటైరైన, ఇప్పుడు జడ్చర్ల దిక్కు ఉంటున్న. నూనె సంగతి తర్వాత. ముందు మ్యాగజైన్ తియ్యి, ఆ తర్వాతనే స్లయిడ్ లాగి చాంబర్ (బ్యారెల్ వెనక గుండు కూసుండే చోటు) చూడు. కండ్లతోని చూసి, వేలు పెట్టి కూడ చూడు. ఈ వరుస తప్పొద్దు. మ్యాగజైన్ లోపలుండంగ స్లయిడ్ లాగి వదిలితే ఇంకో గుండు చాంబర్‌లకు ఎక్కుతది. గుండ్లన్నీ వేరే అర్రల పెట్టి వచ్చినంకనే పని మొదలుపెట్టు.

నీ గరగర నూనె తక్కువై వచ్చింది కాదు. పాత నూనె మీద దుమ్ము కూసుండి, అది సాన పెట్టే ముద్ద లెక్క అయింది. స్లయిడ్ కదిలినప్పుడల్ల అదే రైల్స్‌ను, అంటే స్లయిడ్ జారే పట్టాలను, అరగదీస్తది. దాని మీద కొత్త నూనె పోస్తే ముద్ద ఇంక పెరుగుతది. అందుకే ముందు పాతదంత తీసెయ్యాలె. కిరోసిన్ల తడిపిన బ్రష్‌తోని రైల్స్ గాడులు రుద్ది, పొడి గుడ్డతోని తుడువు. కిరోసిన్ నూనె పొరనంత ఎత్తుకపోతది, ఉక్కు ఉత్తగ మిగుల్తది. ఆ రోజే నూనె పెట్టాలె, రేపటికి వదిలిపెట్టొద్దు. నల్ల పాలిష్ ఒక్కటే తుప్పును ఆపదు, దాని మీద సన్నని నూనె పొర ఉండాలె.

ఎక్కడ పెట్టాలెనో పిస్టలే చెప్తది. దీపం కింద పెట్టి చూడు, పాలిష్ పోయి మెరిసే చోట్లు కనవడ్తయ్: రైల్స్, బ్యారెల్ మీద స్లయిడ్ రాసుకునే చోటు, డిస్‌కనెక్టర్ (స్లయిడ్ వెనక్కి పోయినప్పుడు ట్రిగర్‌ను విడదీసే చిన్న ముక్క) కొస. అక్కడక్కడ ఒక్కో చుక్క పెట్టి వేలుతోని పామాలె. బిగించి స్లయిడ్ పది పన్నెండు సార్లు ఆడియ్యి. బయటికి ఊరిందంత తుడిచెయ్యి, అది దుమ్మును పిలుస్తది.

పొడిగ ఉండవలసిన చోట్లు అంతకంటె ముఖ్యం. గుండును కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ రంధ్రంల నూనె పోస్తే చెత్త చేరి గట్టిపడి పిన్ మెల్లగ కొడ్తది, గుండు పేలక మొండికేస్తది. మ్యాగజైన్ లోపల నూనె ఉంటే అది గుండ్లకు అంటుకుంటది. సన్నగ పాకే నూనె ప్రైమర్‌లకు (గుండు అడుగున నిప్పు పుట్టించే మందు) దిగితే ఆ గుండు పనికిరాకుండ పోవచ్చు. ఆ రెండు తావుల్ల చుక్క కూడ వద్దు.

ఇగ ఏ నూనె అంటే, డబ్ల్యూడీ-40 ను 1953ల నీళ్లను తరిమేటందుకు తయారు చేసిండ్రు. వానల తడిసిన ఆయుధం మీద కొట్టి తుడిస్తే మంచిదే, కని రైల్స్ మీద ఆ పొర ఎక్కువ కాలం నిలవదు. కుట్టు మిషన్ నూనెతోని హాని లేదు, మస్తు పల్చన, అంతే. మన ఎండల కారిపోతది, ఊకె పెట్టుకుంట ఉండాలె. గన్ ఆయిలే కొనుక్కో. బాలిస్టాల్ అనే గన్ ఆయిల్ జర్మనీల 1904 నుంచి ఉన్నది, కర్రకు, తోలుకు కూడ నష్టం చెయ్యదు. కొబ్బరి నూనె మాత్రం ముట్టుకోకు. చలికాలం గడ్డకడ్తది, పాతబడితే జిగురైతది.

సూర్యాపేట లేత్:

మిల్లన్నా, మీ ఫిట్టర్ చెప్పిందాంట్ల కూడ నిజం ఉన్నది. ఉక్కు మీద ఉక్కు పొడిగ రాసుకుంటే ఒకదాని తోలు ఇంకోటి పట్టి పీకుతది, గీతలు పడ్తయ్. స్టెయిన్‌లెస్ అయితే ఇంక తొందరగ పట్టేస్తది. ఇటు అటు జారే చోట, అదీ ఎండల్ల, గ్రీజు నిలుస్తది. తిరిగే పిన్నులకు నూనె నయం. బేరింగులకు వాడే 2 నంబర్ లిథియం గ్రీజు ఉంటది గద, అగ్గిపుల్ల కొసకు తీసి రైల్‌ల సన్నగ గీస్తే సాలు. డబ్బాలకెళ్లి తీసేటప్పుడు వేలు మీద దుమ్ము లేకుండ చూసుకో.

అల్యూమినియం ఫ్రేమ్ ఉన్నోళ్లు ఇంక జాగ్రత్త పడాలె. దాని మీద అనొడైజింగ్ పొర (కరెంటుతోని పెంచిన ఆక్సైడ్ పొర) గట్టిదే, కని వెంట్రుక మందం కంటె తక్కువ. అది అరిగి తెల్లగ తేలినంక కింద మెత్తని లోహం, ఉక్కు స్లయిడ్ దాన్ని తినేస్తది. పొర పోకముందే గ్రీజు అలవాటు చేసుకోవాలె, పోయినంక పెట్టి లాభం తక్కువ.

మిర్యాలగూడ మిల్లు:

సార్, కిరోసిన్‌తోని కడిగి రైల్స్‌ల సన్నగ గ్రీజు, మిగిలిన చోట్ల నూనె చుక్కలు పెట్టిన. గరగర పోయింది. మిల్లుల దుమ్ము ఆగేది కాదు, మరి గ్రీజు ఆ దుమ్మును పట్టుకోదా? డిపాజిట్ సంగతి కూడ చెప్పుండ్రి.

పాలమూరు ఆర్మరర్:

పట్టుకుంటది తమ్మీ, అందుకే పల్చగ పెట్టాలె, సీజన్ల నెలకొకసారన్న విప్పి తుడువాలె. రాజస్థాన్ ఇసుకల మేము చేసింది కూడ అదే: తక్కువ పెట్టుడు, తరుచు తుడుసుడు. తూట్లపడ్డ బనీన్ గుడ్డ బాగుంటది, పోగులు ఊడే గుడ్డ వద్దు.

డిపాజిట్‌కు ఇచ్చే ముందు చేతి చెమట మరకలు తుడిచెయ్యి. చెమటల ఉప్పు ఉంటది, తుప్పు వేలిముద్ర ఆకారంలనే లేస్తది. బయటంత, బ్యారెల్ లోపల కూడ, మామూలు కంటె జర మందంగ నూనె పొర పెట్టు. తోలు కవర్ల పెట్టి ఇయ్యకు. తోలు తేమను పట్టుకుంటది, తోలును పదును చేసిన మందుల్ల ఉండే ఉప్పు కూడ లోహాన్ని తింటది. నూనె గుడ్డల చుట్టి, దాని మీద మైనపు కాగితం చుట్టు. రసీదుల నంబర్ పిస్టల్ మీది నంబర్‌తోని సరిచూసుకో.

తిరిగొచ్చినంక ముందుగాల ఖాళీగ ఉన్నదా చూసి, బ్యారెల్‌ల పొడి గుడ్డ తెల్లగ వచ్చేదాక లాగు. లోపల నూనె నిలిచి ఉండంగ పేల్చొద్దు.