డైవ్‌కి ముందు విటమిన్ సి వేసుకోవాలా, అక్కర్లేదా?

నీలిగవ్వ:
నిన్న స్కూబా డైవ్‌లో సముద్రంలో 28 మీటర్లు దిగాను. పైకొచ్చిన దగ్గర్నుంచి ఒకటే నీరసం, పొద్దున్నకీ తగ్గలేదు. మా వాడేమో "ఆక్సిడేటివ్ స్ట్రెస్, ఇన్‌ఫ్లమేషన్, అంతే! ఈసారి విటమిన్ సి వేసుకుని దిగు" అని తేల్చేశాడు. నిజమేనంటారా?

లోతుమనిషి:
చాలావరకు నిజమే. 30 మీటర్ల లోతులో పీడనం 4 అట్మాస్ఫియర్లు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి అక్కడ దాని వాటా పీడనం 0.84 అట్మాస్ఫియర్లు. ఒడ్డున కూర్చుని 84 శాతం ఆక్సిజన్ పీల్చడంతో సమానం. కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పెరగక ఏమవుతాయి? మీవాడు చెప్పిన ఆక్సిడేటివ్ స్ట్రెస్ అదే. ఆక్సిజన్ మోతాదు మించితే విషమేనని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ 1878లోనే రాశాడు.

ఉప్పునీళ్ళు:
పెరిగితే నష్టమేనా? పరుగెత్తినా పెరుగుతాయి. డైవ్ తర్వాత రక్తంలో కాటలేజ్ లాంటి రక్షక ఎంజైములు పెరగడం కూడా కొలిచి చూశారు. ఒళ్ళు అలవాటు పడుతోంటే మధ్యలో మాత్ర ఎందుకు?

లోతుమనిషి:
పరుగులో నైట్రోజన్ బుడగలు పుట్టవు కదండీ. పైకొచ్చేటప్పుడు సిరల్లో పుట్టే బుడగలు రక్తనాళాల లోపొరను ఇబ్బంది పెడతాయి, తెల్లరక్తకణాలు రెచ్చిపోతాయి, ఇన్‌ఫ్లమేషన్ అంటే అదే. పైకి ఏ బాధా లేని డైవర్లలో కూడా చేతి ధమని మామూలుగా విచ్చుకోవట్లేదని అల్ట్రాసౌండ్‌లో తేలింది. ముందుగా విటమిన్ సి, ఇ ఇస్తే అది కొంత మెరుగుపడింది కూడా.

ఉప్పునీళ్ళు:
ధమని సంగతి ఒప్పుకున్నా. కానీ మాత్ర మింగినంత మాత్రాన బుడగలు ఆగుతాయన్న భరోసా ఏదీ? బుడగల భయంతో నైట్రాక్స్‌కి (నైట్రోజన్ తగ్గించి ఆక్సిజన్ పెంచిన గాలికి) మారారనుకోండి, 32 శాతం ఆక్సిజన్ మిశ్రమంతో అదే 30 మీటర్లలో ఆక్సిజన్ వాటా పీడనం 1.28. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

పడవసరంగు:
మీ ఇద్దరి వాదనలో అసలు మనిషిని మర్చిపోయారు. నీలిగవ్వ గారూ, పైకి వచ్చేటప్పుడు ఒంట్లోని నైట్రోజన్ మెల్లగా బయటికి పోయేలా 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగారా? మామూలుకి మించిన నీరసం డీకంప్రెషన్ సిక్‌నెస్ (పైకొచ్చాక ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టి వచ్చే జబ్బు) లక్షణం కూడా కావచ్చు. దానికి మందు విటమిన్ కాదు, ఆక్సిజనే. మీరు తిట్టుకుంటున్న అదే ఆక్సిజన్.

నీలిగవ్వ:
సిలిండర్‌లో గాలి తక్కువుందని ఆగలేదండీ. చేతికున్న డైవ్ కంప్యూటర్ బీప్ కొడుతూనే ఉంది. ఎడమ మోచెయ్యి కూడా సలుపుతోంది, సిలిండర్ మోసినందుకేమో అనుకున్నా.

పడవసరంగు:
టైపింగ్ ఆపి డైవింగ్ డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే.