బూవే ద్వీపం మ్యాప్: పాత రేఖాంశాలు, పేర్ల గురించి సాయం కావాలి

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో అంటార్కిటికా వైపున్న బూవే ద్వీపానికి క్యూజీఐఎస్‌లో (మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్) తెలుగు మ్యాప్ తయారవుతోంది. అసలు స్థానం 54°25′ దక్షిణం, 3°22′ తూర్పు. వైశాల్యం సుమారు 49 చ.కి.మీ., దాదాపు అంతా మంచే.

అంటార్కిటికాకు అందరూ వాడే 3031 ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదునైన పటంగా మార్చే పద్ధతి; 3031 దాని కోడ్) స్కేలు సరిపోయేది 71° దగ్గరే. 54° దగ్గర పొడవులు 7 శాతం దాకా సాగి, 49 కాస్తా 56 చ.కి.మీ. అవుతోంది. అందుకే భూమిని 6° పట్టీలుగా విడగొట్టే యూటీఎం ప్రొజెక్షన్‌లో 31వ పట్టీ దక్షిణ భాగానికి (కోడ్ 32731) మార్చాం. అది కుదిరింది.

చిక్కంతా పాత పటాలతోనే. 1739 జనవరి 1న ఫ్రెంచి నావికుడు బూవే ఈ ద్వీపాన్ని చూశాడు. అది ద్వీపమో ఖండం కొసో తేల్చుకోలేదు. రేఖాంశం తప్పుపడటంతో తర్వాత ఇంగ్లిష్ నావికుడు జేమ్స్ కుక్ వెతికినా దొరకలేదు. సరైన స్థానం 1898లో జర్మన్ నౌక వాల్డీవియా తేల్చింది. ఫ్రెంచి పటాల్లోని తూర్పు రేఖాంశాన్ని ఇప్పటి గ్రీనిచ్ లెక్కకు మార్చాలంటే, సున్నా రేఖ (రేఖాంశాలు లెక్కపెట్టడం మొదలయ్యే గీత) ప్యారిస్ అయితే 2°20′ కలపాలి, ఫెర్రో (కెనరీ దీవుల్లో ఒకటి) అయితే 17°40′ తీసేయాలి. తారుమారైతే 20° తేడా. ఆ అక్షాంశంలో డిగ్రీకి 65 కి.మీ. చొప్పున 1,300 కి.మీ.! అంచున సున్నా రేఖ పేరు లేని పటంలో అదేదో ఎలా పట్టాలి? తెలిసిన రేవులతో పోల్చడం కాక వేరే దారి ఉందా?

ఇంకొకటి. 1825లో నారిస్ అనే బ్రిటిష్ నౌకా కెప్టెన్ దీనికి లివర్‌పూల్ అని పేరు పెట్టి, ఉత్తర ఈశాన్యంలో థాంప్సన్ అనే మరో దీవిని కూడా నమోదు చేశాడు. అది లేనే లేదు. దాన్ని చుక్కల గీతతో చూపాలా, వదిలేయాలా? ద్వీపం నార్వే అధీనంలో ఉంది, నార్వేజియన్ పేరు బూవెటోయా. చివరి 'ఓయా' అంటేనే ద్వీపం, కాబట్టి 'బూవెటోయా ద్వీపం' అంటే గేటు తలుపు అన్నట్టే. లేబుల్‌కి 'బూవే ద్వీపం' చాలంటారా?